కట్ట మీద గమ్‌బూట్లు

1987 ఫిబ్రవరి 11, బుధవారం. ఉదయం 5.40. చలి ఎక్కువ. గాలి ఉత్తరం నుంచి.

హాజరు: మేజరు సారు, సుబేదారు, హవల్దారుగా నేను, వైర్‌లెస్ ఆపరేటరు, లారీ డ్రైవర్లు ఇద్దరు, మా సెక్షను జవాన్లు తొమ్మిది మంది. అణు విద్యుత్ కేంద్రం తరఫున మీటరు పట్టుకున్న ఇంజనీరు ఒకరు.

ఆ రోజు డైరీలో మొదటి పేజీ ఇంతే. వేళ్ళు కొంకర్లు పోయి అంతకన్నా రాయలేకపోయాను.

ఆ కేంద్రం పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. బయట చెప్పనని సంతకం పెట్టి వచ్చాను. ఉత్తరాదిన ఉందని మాత్రం చెబుతాను. తెనాలిలో మా వీధివాళ్ళు నేను మిలిటరీలో చేశానని తెలియగానే "ఏ యుద్ధంలో ఉన్నారండి?" అని అడుగుతారు. నేను ఏ యుద్ధంలోనూ లేను. కొద్ది రోజులు ఒక చెరువు దగ్గర ఉన్నాను. నా ఉద్యోగం మొత్తంలో గుర్తున్నది ఆ చెరువే.

మాది ఇంజనీర్ల కంపెనీ. వంతెనలు, రోడ్లు, కట్టలు మా పని. సెక్షనులో ముగ్గురం ఒకే ప్రాంతం వాళ్ళం. ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. నేను తెనాలి. వైర్‌లెస్ ఆపరేటరు బాపట్ల. జవాన్లలో అందరికంటే బలమైనవాడు రేపల్లె. అతని ఊరు నిజానికి రేపల్లె దాటి సముద్రం వైపు ఇంకా లోపలికి ఉంటుంది. రైలు దిగేది రేపల్లెలో కాబట్టి అదే పేరు నిలిచింది.

మేం వెళ్ళడానికి రెండు రోజుల ముందు కేంద్రం లోపల పెద్ద పైపు ఒకటి పగిలింది. రియాక్టరు దగ్గర తిరిగే నీళ్ళు, వాటితోపాటు లోపల పేరుకున్న మడ్డి, మురుగుకాలువలో పడి ప్రహరీ బయట చెరువులోకి వచ్చాయి. చెరువుకు దిగువన వాగు. వాగు వెంట మూడు ఊళ్ళు. మనుషులూ పశువులూ ఆ నీళ్ళే తాగుతారు. చెరువుకూ వాగుకూ మధ్య కొత్త కట్ట వేసి నీళ్ళను ఆపాలి. మాకిచ్చిన ఉత్తర్వు అది.

సుబేదారు వరసలో నిలబెట్టి చెప్పాడు. ఒక్కో జట్టు నీళ్ళలో పావుగంట ఉండాలి. తర్వాత పైకి వచ్చి సబ్బుతో కడుక్కోవాలి. గమ్‌బూట్లు, రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా ఎవరూ దిగకూడదు. బూట్లన్నీ పదో నంబరువే వచ్చాయి. మా పాదాలు ఏడు, ఎనిమిది. రెండేసి జతల మేజోళ్ళు తొడిగినా లోపల కాలు ఆడుతూనే ఉండేది. ఒంటికి ఎంత తగిలిందో చూపించే, జేబుకు పెట్టుకునే మీటర్లు పెన్నుల్లాంటివి మూడే ఇచ్చారు. వంతులవారీగా పెట్టుకున్నాం.

మొదటి రోజు మధ్యాహ్నం బాపట్ల పప్పులో రొట్టె ముంచుకుంటూ అన్నాడు.

"మీటరు సారుని అడిగా అన్నా. దానికి రంగుండదంట, వాసనుండదంట, రుచుండదంట. మన మెస్సు పప్పులాగే."

"తిన్నాక గదా తెలిసేది," అన్నాడు రేపల్లె.

అందరం నవ్వాం.

రేపల్లె ఆ రోజుల్లో సంతోషంగా ఉండేవాడు. పదిహేనేళ్ళ సర్వీసు పూర్తికావస్తోంది. ఆ యేడు కాలువలకు నీళ్ళు వదిలేసరికి పెన్షను మీద ఇంటికి వెళ్ళాలని అతని లెక్క. అంతకు ముందు సెలవులో ఎకరం మాగాణి కొన్నాడు. అదే చేలో అతని తండ్రి పాతికేళ్ళు పాలేరుగా పనిచేశాడు.

"మా నాన్న నాట్లు ఊడ్చిన చేనే అన్నా. అప్పుడు వేరేవాళ్ళది. ఈసారి నేను దిగుతా, మా చేను," అనేవాడు. రోజుకొకసారైనా అనేవాడు.

"కొత్తబియ్యం పంపుతావా మాకు?" అని బాపట్ల.

"నువ్వొచ్చి ఊడుస్తానంటే పంపుతా."

"నా వల్ల కాదురా బాబూ. ఈ వైర్‌లెస్సు మోసీ మోసీ నడుం పోయింది."

అక్కడి నేల రాయీ ఎర్రమట్టీ. తుమ్మచెట్లు తప్ప నీడ లేదు. పొద్దున గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉండేది. చెరువు మీద మాత్రం ఆవిరి లేచేది. మూడో రోజు నుంచి చేపలు తెల్లటి పొట్టలతో తేలడం మొదలుపెట్టాయి. కొంగలు వచ్చి తినేవి. మేం రాళ్ళు విసిరేవాళ్ళం. అవి ఎగిరి అవతలి ఒడ్డున వాలేవి. అక్కడి నుంచి వాగు వెంట ఊళ్ళ వైపు వెళ్ళిపోయేవి. కొంగలకు ఉత్తర్వులేమీ లేవు.

నాలుగో రోజు నన్నూ నలుగురు జవాన్లనూ దిగువనున్న మొదటి ఊరికి పంపారు. బావికి పలకలు వేసి మూయాలి. పాలు ఎవరింట్లో ఉన్నా పారబోయాలి. ఒక ముసలామె బిందె చేత్తో పట్టుకుని వదల్లేదు. పాలు విరగలేదు కదా, చూడు, తాగి చూపిస్తాను అంది. నిజంగానే దోసిట్లో పోసుకుని తాగబోయింది. రేపల్లె ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతనే బిందె తీసుకుని పెరట్లో వంచాడు. 

"మా ఇంట్లో రెండు గేదెలున్నాయన్నా," అన్నాడు రేపల్లె, వెనక్కి వచ్చేటప్పుడు లారీలో.

ఐదో రోజుకు కట్ట మనిషెత్తు లేచింది. లోపల మట్టి, బయట ఇసుక బస్తాలు. ఆ రోజు సాయంత్రం నాలుగు దాటాక వైర్‌లెస్ పలికింది. బాపట్లను దిగువన వాగు ఒడ్డున పెట్టాం.

"తెనాలి, తెనాలి, బాపట్ల పిలుస్తున్నాను. వాగులోకి నీళ్ళు దిగుతున్నాయి. చెయ్యి లావు ధార. ఓవర్."

"ఎక్కణ్ణించి? ఓవర్."

"కట్ట అడుగు నుంచి. పైకి కనపడట్లా. ఓవర్."

బస్తాలు వేశాం. ధార ఆగలేదని బాపట్ల చెప్పాడు. ఇంకా వేశాం. ఆగలేదు. పొద్దు వాలుతోంది. మేజరు సారు టార్పాలిన్ తెమ్మంటే నేను ఇద్దరిని తీసుకుని లారీ దగ్గరికి వెళ్ళాను. టార్పాలిన్ మోసుకుని వచ్చేసరికి కట్ట మీద ఒక జత గమ్‌బూట్లు కనిపించాయి. పక్కపక్కన, సమానంగా, మొనలు నీళ్ళ వైపు పెట్టి ఉన్నాయి. వాటిలో మేజోళ్ళు మడిచి పెట్టి ఉన్నాయి.

రేపల్లె తొడల దాకా నీళ్ళలో ఉన్నాడు.

"రేపల్లే! బూట్లేవిరా?"

"గట్టు మీద ఉన్నాయిగా అన్నా."

"ఎక్కు పైకి. ముందు ఎక్కు."

"ఉండన్నా, దొరికింది. ఇదిగో, కాలికింద లాగుతోంది. బూట్లతో తెలవట్లేదు, బురదలో దిగబడి ఊడొస్తున్నాయి. ఎండ్రకాయ బొరియలాగుంది ఇక్కడ. ఆ మట్టిగడ్డలిటు అందించండి, తొక్కేస్తా."

అందించారు. అతను కుడికాలు బొరియలో పెట్టి మట్టిని అడుగుకంటా తొక్కాడు. ఎడమకాలితో చుట్టూ మెదిపాడు. మళ్ళీ గడ్డ, మళ్ళీ తొక్కుడు. సుబేదారు అరుస్తున్నాడు, పైకి రమ్మని. రేపల్లె తల ఊపుతూనే తొక్కుతున్నాడు.

"నీళ్ళు వెచ్చగా ఉన్నాయన్నా. ఈ చలికి హాయిగా ఉంది," అన్నాడు నా వైపు చూసి.

వైర్‌లెస్ పలికింది. "తెనాలి, బాపట్ల. ధార ఆగింది. మళ్ళీ చెబుతున్నాను, ఆగింది. ఏం చేశారన్నా? ఓవర్."

నేనూ సుబేదారూ కలిసి రేపల్లెను పైకి లాగాం.

చదివేవాళ్ళు డెల్టావాళ్ళయితే ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. మా వైపు చేను గట్టుకు ఎండ్రకాయలు బొరియలు పెడతాయి. రాత్రికి రాత్రి మడిలో నీళ్ళు ఖాళీ అవుతాయి. బొరియ కంటికి కనపడదు. మనిషి దిగి అరికాలితో గట్టు వెంట తడుముకుంటూ వెళతాడు. ఎక్కడ నీళ్ళు కాలిని లాగితే అక్కడ మట్టి వేసి తొక్కుతాడు. దిగేముందు చెప్పులు గట్టు మీద విడుస్తాడు. చెప్పులతో చేలో దిగడమనే మాట మా వైపు లేదు. సంగం జాగర్లమూడి దగ్గర మా పొలంలో నేనూ ఇది చిన్నప్పటి నుంచి చూశాను. చూశానంతే. మా నాన్న గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడేవాడు. రేపల్లె తండ్రిలాంటి వాళ్ళు దిగేవాళ్ళు.

మీటరు ఇంజనీరు రేపల్లె కాళ్ళ దగ్గర మీటరు పెట్టాడు. అప్పటిదాకా టిక్కుటిక్కుమనే ఆ పెట్టె నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. ముల్లు చివరికి వెళ్ళి అక్కడే ఆగింది. ఇంజనీరు ఒక మీట తిప్పి మళ్ళీ చూశాడు. మళ్ళీ అక్కడే. అప్పుడు గంటసేపు కడిగించారు. సబ్బు, బ్రష్షు, మళ్ళీ సబ్బు. చలికి రేపల్లె పళ్ళు కొట్టుకుంటున్నాయి. శబ్దం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

తర్వాత ఇంజనీరు ఎందుకో ఆ బూట్ల మీద కూడా మీటరు పెట్టాడు. టిక్కు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్కు.

"ఇవి శుభ్రంగా ఉన్నాయి," అన్నాడు.

మేము వాడిన బూట్లూ తొడుగులూ అన్నీ గుంట తీసి పూడ్చాం. ఆ జత మాత్రం మర్నాడు వేరే జవానుకు ఇచ్చారు.

ఆ రాత్రి రేపల్లె పాదాలు ఎర్రబడ్డాయి, ఎండలో ఇసుక మీద నడిచినట్టు. రెండు రోజుల్లో తగ్గాయి. "చూశావా అన్నా, ఏమీ కాలేదు," అన్నాడు. మేము నమ్మాం. మూడో వారంలో బొబ్బలు లేచాయి. చర్మం మేజోడులా ఊడి వచ్చింది. మిలిటరీ ఆసుపత్రిలో తొడ నుంచి చర్మం తీసి పాదాలకు అతికించారు. ఎడమకాలు మచ్చలతో మానింది. బొరియలో పెట్టి తొక్కిన కుడికాలు మానలేదు.

ఆ యేడు వానలు మొదలైన వారానికే చెరువు పొంగి మా కట్ట కొట్టుకుపోయిందని, అప్పటికి ఆ దగ్గర్లో వేరే యూనిట్‌కు మారిన బాపట్ల రాశాడు. నీళ్ళు వాగులోకి వెళ్ళాయి. ఆ మూడు ఊళ్ళకు తర్వాత ఏమైందో నాకు తెలియదు. అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

రేపల్లెను ఆ యేడాది చివర ఇంటికి పంపించేశారు. కాగితం మీద చర్మవ్యాధి అని రాశారు.

నేను 1988 జులైలో సెలవు మీద వచ్చినప్పుడు తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కి చూడటానికి వెళ్ళాను. నాట్లు జరుగుతున్నాయి. ఇంట్లో లేడు, చేలో ఉన్నాడన్నారు. నాకు సంతోషం వేసింది. వెళ్ళి చూస్తే గట్టు మీద ఇనప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడికాలు కట్టు కట్టి ఒక పీట మీద పెట్టి ఉంది. ఆ కాలికి చెప్పు పట్టదు. ఎడమకాలి చెప్పు ఒక్కటే విప్పి గట్టు మీద పెట్టాడు.

చేలో కూలీలతోపాటు అతని భార్య కరుణమ్మ ఊడుస్తోంది.

"తడి తగలకూడదన్నారన్నా డాక్టర్లు. బురద అసలు తగలకూడదంట," అన్నాడు. "మానాక దిగుతా."

"దిగుదువుగాని."

"వచ్చే యేటికి మానుద్ది."

వచ్చే యేటికి మానలేదు. ఆ పై యేటికీ మానలేదు. 1990లో నేను రిటైరై తెనాలిలో స్థిరపడ్డాక నెలకోసారి వెళ్ళేవాణ్ణి. బాపట్ల కూడా అప్పటికి వచ్చేసి, తన ఊళ్ళో స్టేషను రోడ్డున రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. అతను తెనాలి వచ్చి నాతో కలిసి రైలు మారేవాడు. దారి పొడుగునా జోకులు వేసేవాడు. రేపల్లె స్టేషనులో దిగాక మానేసేవాడు.

పుండు పక్కన ఇంకో పుండు. గుంటూరులో ఒక డాక్టరుకు చూపించాం.

"షుగరుందా?"

"లేదండి."

"బీడీలు తాగుతావా?"

"లేదండి."

"మరి ఎలా వచ్చింది?"

రేపల్లె నా వైపు చూశాడు. అతనూ సంతకం పెట్టాడు. నేనే చెప్పాను, రేడియేషనండి అని. డాక్టరు కళ్ళద్దాలు తీసి నవ్వాడు. చెడ్డమనిషి కాదు. "రేపల్లెలో రేడియేషన్ ఎక్కడిదయ్యా?" అన్నాడు. ఇంతకన్నా చెబితే ఎక్కడని చెప్పాలి? కాగితం చూపిస్తే చర్మవ్యాధి అని ఉంది. ఆయింటుమెంటు రాసిచ్చాడు.

ఆ మాట మాత్రం ఎలాగో ఊళ్ళోకి వెళ్ళింది. ఆ ఇంటి నుంచి పాలు కొనడం మానేశారు. పక్కింటావిడ కరుణమ్మతో నా ఎదుటే అంది.

"ఏమనుకోకమ్మా, పిల్లలు తాగేవి కదా. అదేదో అంటుకుంటుందంట."

"అంటుకునేదైతే ముందు నాకు అంటుకోదా వదినా?" అంది కరుణమ్మ.

"ఏమో తల్లీ, మాకేం తెలుస్తుంది?"

రేపల్లె లోపల మంచం మీద నుంచి విన్నాడు. తర్వాత నాతో అన్నాడు, ఆ ముసలామె పాలు నేనే పారబోశాను కదన్నా అని. వాళ్ళకు పిల్లలు లేరు. పుడితే ఎలా పుడతారోనని ఇద్దరూ భయపడ్డారు. భయపడక్కర్లేదని గట్టిగా చెప్పే డాక్టరు దొరకలేదు. భయపడాలని చెప్పినవాడూ లేడు.

1993లో అది క్యాన్సరని తేలింది. కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. స్పృహ వచ్చాక అతను మొదట అడిగింది కర్రకాలు బురదలో నిలబడుతుందా అని.

"నిలబడుద్దిరా. బూటులాగా దిగబడకుండా చేయిస్తాం," అన్నాడు బాపట్ల. అనేసి వరండాలోకి వెళ్ళిపోయాడు.

కర్రకాలు చేయించే అవసరం రాలేదు. ఆ యేడు క్రిస్మస్ నాటికి దగ్గులో రక్తం కనిపించింది. తర్వాతి జులైలో, ఎప్పటిలాగే నాట్ల వేళ, పోయాడు. కబురు అందుకుని నేనూ బాపట్లా మధ్యాహ్నం బండికి వెళ్ళాం. లూథరన్ చర్చి వెనక సమాధుల దొడ్డిలో మట్టి మెత్తగా ఉంది, తవ్వుతుంటే గుంటలో నీళ్ళు ఊరాయి. గుంటలోంచి తోడిన నీళ్ళను పక్కకు మళ్ళిస్తూ ఇద్దరు మనుషులు చెప్పులు లేకుండా నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థనలో దానియేలు అన్నారు. ఎవరి గురించో అనుకున్నాను. మాకు అతను రేపల్లె.

బాపట్ల గుంట దగ్గర నా చెవిలో మెల్లగా అన్నాడు. "ఆ రోజు ధార ఆగింది అని చెప్పాను చూడు అన్నా. ఎంత సంతోషంగా చెప్పానో."

ఆ రాత్రి వాళ్ళ అరుగు మీదే పడుకున్నాం.

మర్నాడు తెల్లవారుజామున కరుణమ్మ లేచి పార తీసుకుని బయలుదేరింది. కాలువ నీళ్ళు ఆ చేనుకు వచ్చే వంతు ఆ పొద్దునే. తప్పితే మళ్ళీ వారం దాకా రాదు. నారు ముదిరిపోతుంది. చావు జరిగిన ఇల్లని కాలువ ఆగదు. నేను వెనకాలే వెళ్ళాను, బాపట్ల కూడా వచ్చాడు. వాన తుంపర పడుతోంది. ఆమె కాలువ దగ్గర మడవ తెరిచి నీళ్ళు చేలోకి తిప్పింది. కొంతసేపు చూసింది. నీళ్ళు నిలవడం లేదు. అవతలి చేలోకి ఎక్కడి నుంచో దిగిపోతున్నాయి.

"ఎండ్రకాయ బొరియండి," అంది. "ఇదివరకు ఆయన కుర్చీలో కూర్చునే చెప్పేవాడు, ఫలానా చోట ఉంటుంది చూడు అని."

చెప్పులు విడిచింది.

నేను ఆపుకోలేక అన్నాను. "కరుణమ్మా, చెప్పులతోనే దిగమ్మా."

ఆమె నా వైపు వింతగా చూసింది. "చేలోకి చెప్పులతో ఎవరన్నా దిగుతారా అన్నయ్యగారూ?"

దిగింది. గట్టు పట్టుకుని అరికాలితో తడుముకుంటూ అడుగు అడుగు వెళుతోంది. నేను బూట్లతో గట్టు మీద నిలబడ్డాను. బాపట్ల నా పక్కన ఉన్నాడు. వాన ఆమె చెప్పుల్లో పడుతోంది. పక్కపక్కన, సమానంగా, మొనలు నీళ్ళ వైపు.